పాత కంప్యూటర్లో పూడిక తీయడం ఎలా

ఏటా వేసవిలో ధవళేశ్వరం దగ్గర నీళ్లు ఆపి కాలువలు కట్టేస్తారు. ఆ కొద్ది వారాల్లోనే పూడిక తీయాలి, గుర్రపుడెక్క లాగెయ్యాలి, లాకుల తలుపులు బాగుచేసుకోవాలి. కంప్యూటర్‌కి అలాంటి కట్టివేత ఏమీ ఉండదు. పదేళ్లు ఆపకుండా నింపుతూనే ఉంటాం. చివరికి ఒక రోజు, సరిగ్గా లగ్గాల సీజన్లో, తెర మూలన ‘లో డిస్క్ స్పేస్’ అని చిన్న డబ్బా పైకొస్తుంది. ‘దిస్ పీసీ’ తెరిస్తే సి డ్రైవ్ గీత ఎర్రగా ఉంటుంది. ఖాళీ పది శాతం కన్నా తగ్గిందంటే విండోస్ ఆ గీతని ఎర్రగా చూపిస్తుంది.

అమలాపురంలో మాది చిన్న డీటీపీ షాపు. శుభలేఖలు, ఫ్లెక్సీలు, జిరాక్సు. మా మెషీన్లే కాక ధాన్యం కమీషన్ షాపులవి, రొయ్యల చెరువుల వాళ్లవి, చుట్టాల ఇళ్లలోవి కూడా ఈ ఎర్ర గీతలు చాలానే చూశాను. దాదాపు అందరూ చేసే తప్పు ఒకటే. కంటికి కనబడిన చిన్న చిన్న ఫైళ్లు చెరిపేస్తూ కూర్చుంటారు. రెండు గంటలు కష్టపడి మూడొందల ఎంబీ సంపాదిస్తారు. పంటబోదెలో నీళ్లు రాకపోతే గట్టు మీద గడ్డి పీకి ఏం లాభం? పైకి నడుచుకుంటూ పోయి ఎక్కడ అడ్డు పడిందో చూడాలి. మీ డిస్కులోనూ చోటంతా ఏ మూడు నాలుగు చోట్లో తినేసి ఉంటుంది. అవి దొరికితే సగం పని అయిపోయినట్టే.

నేను చెప్పేవి విండోస్ 7, విండోస్ 10 ఉన్న మెషీన్లకు. మెనూల పేర్లు ఒక్కో వెర్షన్లో కాస్త అటూ ఇటూగా ఉంటాయి.

మొదటి రోజు ఏమీ చెరపొద్దు

డిస్కు పాతదైతే నిండిపోవడం ఒక్కటే దాని జబ్బు కాకపోవచ్చు. లోపల టిక్ టిక్ మని చప్పుడు, ఫోల్డర్ తెరవడానికి అర నిమిషం, కాపీ మధ్యలో ఆగిపోవడం... ఇలాంటివి ఉంటే అనుమానించండి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. అది వేసి చూడండి. ‘గుడ్’ అని వస్తే ముందుకు పోవచ్చు. ‘కాషన్’ అనో ‘బ్యాడ్’ అనో వస్తే మాత్రం కింద చెప్పినవేవీ చేయకండి. డేటా బయటికి తీసి డిస్కు మార్చేయండి. పోయే ప్రాణంతో ఉన్న డిస్కు మీద సర్దుళ్లు పెట్టుకుంటే ఉన్నది కూడా పోతుంది.

‘గుడ్’ వచ్చినా సరే, ముఖ్యమైనవన్నీ ముందు ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులోకి కాపీ చేయండి. కాపీయే, కట్ వద్దు. మన వైపు నాలుగు చినుకులు పడితే కరెంటు సంగతేమిటో మీకు చెప్పక్కర్లేదు. కట్ పేస్ట్ మధ్యలో పోయిందంటే సగం ఇక్కడ, సగం అక్కడ. కాపీ అయ్యాక రెండు ఫోల్డర్ల మీదా రైట్ క్లిక్ కొట్టి, ప్రాపర్టీస్‌లో ఫైళ్ల సంఖ్య, బైట్లు సరిపోయాయో లేదో చూడండి. నాలుగైదు ఫైళ్లు కొత్త చోటి నుంచే తెరిచి చూడండి.

ఎక్స్‌టర్నల్ డిస్కులో బోలెడంత ఖాళీ ఉన్నా పెద్ద వీడియో ఎక్కనని మొరాయిస్తే, ఆ డిస్కు ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉండి ఉంటుంది. అందులో ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు. దాన్ని ఎన్‌టీఎఫ్‌ఎస్‌కో ఎక్స్‌ఫ్యాట్‌కో ఫార్మాట్ చేసుకోవాలి. అందులో పాతవేవైనా ఉంటే ముందు తీసి పక్కన పెట్టుకోండి, ఫార్మాట్ చేస్తే అన్నీ తుడిచిపెట్టుకుపోతాయి.

‘డి డ్రైవ్‌లో ఇంకో కాపీ ఉందిలెండి’ అని ధీమాగా చెప్పేవాళ్లు చాలామంది. సి, డి అంటే ఒకే చెరువుకి మధ్యలో గట్టు వేసినట్టు. అసలు చెరువుకే గండి పడితే ఈ పక్క చేపలూ పోతాయి, ఆ పక్క చేపలూ పోతాయి.

చోటు ఎక్కడికి పోయింది?

ముందు ఒక అనుమానం తీర్చేస్తాను. 500 జీబీ అని కొన్న డిస్కు 465 అని చూపిస్తే మిమ్మల్ని ఎవరూ మోసం చేయలేదు. తయారు చేసినవాళ్లు వెయ్యితో లెక్క కడతారు, విండోస్ 1024తో లెక్క కడుతుంది. అందుకే 1 టీబీది 931గా కనబడుతుంది.

ఇప్పుడు విండిర్‌స్టాట్ అనే ఉచిత ప్రోగ్రాం దించుకుని సి డ్రైవ్ మీద నడపండి. పాత డిస్కు మీద చాలాసేపు తీసుకుంటుంది, ఈలోగా టీ తాగి రండి. అది అయ్యాక తెరంతా రంగురంగుల గళ్లతో నిండిపోతుంది, కొబ్బరిచెట్టు ఎక్కి చూస్తే వరిచేలు మడులు మడులుగా కనబడతాయే, అలాగ. ఒక్కో గడి ఒక్కో ఫైలు. మడి ఎంత పెద్దదైతే ఫైలు అంత పెద్దది. దాని మీద నొక్కితే ఏ ఫోల్డర్లో ఉందో పైన చూపిస్తుంది. చిన్న గళ్ల జోలికి పోకండి. అన్నిటికన్నా పెద్ద గళ్లు పది చూసి, వాటి పేర్లు కాగితం మీద రాసుకోండి.

కొత్త ప్రోగ్రాం వేయడానికి కూడా చోటు లేనంత నిండిపోయిందా? ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో సి డ్రైవ్ తెరిచి, పైన వెతుకు పెట్టెలో క్లిక్ చేస్తే ‘సైజ్’ అని ఎంపిక వస్తుంది. అందులో ‘జైగాంటిక్’ ఎంచుకోండి. విండోస్ 10లో ఇది 4 జీబీ పైబడిన ఫైళ్లను పట్టిస్తుంది. దాని పైనున్న ‘హ్యూజ్’ అంటే 1 నుంచి 4 జీబీ దాకా.

తేలిగ్గా వచ్చేవి

రీసైకిల్ బిన్ ఖాళీ చేయండి. చెప్పడానికి సిగ్గుగా ఉంటుంది గానీ, నలభై జీబీ బిన్‌లోనే పడి ఉన్న మెషీన్లు చూశాను. డిలీట్ కొట్టాం కదా పోయిందనుకుంటారు. చెత్త వీధిలోంచి వాకిట్లోకి వచ్చిందంతే.

తర్వాత స్టార్ట్ మెనూలో డిస్క్ క్లీనప్ అని వెతికి తెరవండి. సి డ్రైవ్ ఎంచుకోగానే ఒక చిట్టా వస్తుంది. చాలామంది ఇక్కడే ఓకే కొట్టేస్తారు. కొట్టకండి. కింద ‘క్లీనప్ సిస్టమ్ ఫైల్స్’ అని ఒక బటన్ ఉంటుంది. అది నొక్కితే మళ్లీ లెక్కేసి, ఇంకా పెద్ద చిట్టా ఇస్తుంది. అసలు సరుకు అందులో ఉంది. ‘విండోస్ అప్‌డేట్ క్లీనప్’, ‘ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టలేషన్స్’, ‘టెంపరరీ ఫైల్స్’ అన్నవాటికి టిక్ పెట్టండి. రెండోది పాత విండోస్ తాలూకు మొత్తం కళేబరం. ఉంటే ఒక్క దెబ్బకి పది జీబీకి పైనే రావచ్చు. మామూలుగా పెద్ద అప్‌డేట్ తర్వాత పది రోజులకి అదే పోవాలి గానీ, కొన్నిసార్లు ఉండిపోతుంది. తీసేశాక పాత వెర్షన్‌కి వెనక్కి పోవడం కుదరదు, అంతే. మెషీన్ బాగా నడుస్తుంటే ఆ బెంగ అక్కర్లేదు.

అదే చిట్టాలో కొన్ని విండోస్ 10 వెర్షన్లు ‘డౌన్‌లోడ్స్’ అని కూడా చూపిస్తాయి. సెట్టింగ్స్‌లో స్టోరేజ్ కింద ఉండే టెంపరరీ ఫైల్స్ పేజీలోనూ ఇది ఉంటుంది. దానికి టిక్ పెట్టారంటే మీ డౌన్‌లోడ్స్ ఫోల్డర్ మొత్తం ఊడ్చుకుపోతుంది. మనవాళ్లు ఆధార్ కాపీలు, పట్టాదారు పాసుపుస్తకం స్కాన్లు, పిల్లల మార్కుల మెమోలు అన్నీ అక్కడే వదిలేస్తారు కాబట్టి గట్టిగా చెబుతున్నాను.

అప్‌డేట్ క్లీనప్ పాత డిస్కు మీద గంట పట్టినా కంగారుపడి స్విచ్ ఆపేయకండి. విండోస్ 7లో అయితే రీస్టార్ట్ చేసినప్పుడు కూడా కాసేపు పని చేసుకుంటుంది.

టెంప్ ఫోల్డర్ ఒకటి. విండోస్ బటన్, ఆర్ కలిపి నొక్కితే చిన్న పెట్టె వస్తుంది. అందులో పర్సంటేజీ గుర్తు, టెంప్ అనే మాట, మళ్లీ పర్సంటేజీ గుర్తు, మధ్యలో ఖాళీ లేకుండా ఇంగ్లిషులో కొట్టి ఎంటర్ చేయండి. నడుస్తున్న ప్రోగ్రాములన్నీ ముందు మూసేసి, అక్కడున్నవన్నీ సెలెక్ట్ చేసి తీసేయవచ్చు. వాడకంలో ఉన్న కొన్ని పోనంటాయి. వాటిని ‘స్కిప్’ చేయండి. ఫోటోషాప్ వాడేవాళ్లు ఇక్కడ జాగ్రత్తగా చూడండి. పని మధ్యలో కరెంటు పోయినప్పుడల్లా ఫోటోషాప్ తన తాత్కాలిక ఫైలు వదిలేసి పోతుంది. ‘ఫోటోషాప్ టెంప్’ అని మొదలై పక్కన అంకెలు ఉంటాయి. ఒక్కోటి జీబీల్లో ఉండవచ్చు. ఫోటోషాప్ తాత్కాలిక ఫైళ్లు రాసుకునే స్క్రాచ్ డిస్కుగా డి డ్రైవ్ పెట్టుకుని ఉంటే అక్కడ కూడా వెతకండి.

ఇంకొకటి హైబర్నేషన్ ఫైలు. మెషీన్ నిద్రపోయేటప్పుడు ర్యామ్‌లో ఉన్నదంతా డిస్కు మీద రాసిపెట్టుకోవడానికి విండోస్ ముందే చోటు అట్టిపెట్టుకుంటుంది. మామూలుగా విండోస్ 10లో ర్యామ్‌లో 40 శాతం, విండోస్ 7లో 75 శాతం. 8 జీబీ ర్యామ్ ఉంటే విండోస్ 10లో సుమారు 3.2 జీబీ అన్నమాట. హైబర్నేట్ వాడని డెస్క్‌టాప్‌లో అదంతా దండగే. తీసేయాలంటే కమాండ్ ప్రాంప్ట్ మీద రైట్ క్లిక్ కొట్టి ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’ ఎంచుకోండి. ఇప్పుడు ఫోన్లో మా మావయ్య గారికి చెప్పినట్టు అక్షరాలుగా చెబుతాను, ఇంగ్లిషులో కొట్టండి: పి, ఓ, డబ్ల్యూ, ఈ, ఆర్, సి, ఎఫ్, జి. ఒక ఖాళీ. స్లాష్, హెచ్. ఇంకో ఖాళీ. ఓ, ఎఫ్, ఎఫ్. ఎంటర్. తెర మీద ఏమీ రాదు, అయిపోయినట్టే. కాకపోతే విండోస్ 10లో ‘ఫాస్ట్ స్టార్టప్’ కూడా ఆగిపోతుంది, పొద్దున్నే మెషీన్ లేవడానికి కొంచెం ఎక్కువ సమయం తీసుకుంటుంది. ల్యాప్‌టాప్ వాళ్లు దీన్ని ముట్టుకోకపోవడం మేలు.

మనం పోసిన పూడిక

పైవన్నీ విండోస్ సొంత చెత్త. అసలు లోడు మనది.

డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిచి సైజు ప్రకారం వరస పెట్టండి. వాట్సాప్ వెబ్‌లోంచి ఒకే ఫైలు నాలుగుసార్లు దించుకుంటే పేరు పక్కన బ్రాకెట్లో 1, 2, 3 అని వస్తాయి. ఆ కాపీలు తీసేయండి. ప్రోగ్రాములు వేసేసిన తర్వాత మిగిలిన సెటప్ ఫైళ్లు కూడా. ప్రింటర్ డ్రైవర్ సెటప్ ఒక్కటి మాత్రం అట్టిపెట్టుకోండి. పాత మోడల్ ప్రింటర్లకి మళ్లీ దొరక్క నేను పడిన అవస్థ మీకు వద్దు.

తర్వాత పెళ్లి వీడియోలు. 2005, 2010 ప్రాంతంలో పెళ్లిళ్లు చేసుకున్న ఇళ్లలో మినీ డీవీ క్యాసెట్లలోంచి కంప్యూటర్లోకి ఎక్కించినవి ఉంటాయి. ఆ డీవీ ఫైలు గంటకి దాదాపు 13 జీబీ. స్నాతకం నుంచి అప్పగింతల దాకా ఐదు గంటలుంటే 65 జీబీ! దీన్ని హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత ప్రోగ్రాంతో హెచ్.264కి మార్చితే చాలా రెట్లు తగ్గుతుంది, టీవీలో చూసేవాళ్లకి తేడా పెద్దగా తెలియదు. పాత మెషీన్ మీద రాత్రంతా పట్టవచ్చు. ఇన్వర్టర్ మీద పెట్టి పడుకోండి. కొత్త ఫైలు మొదలు, మధ్య, చివర చూసి, మాట పెదవులతో కలుస్తోందో లేదో చూసి, అసలు ఫైలుని ఎక్స్‌టర్నల్ డిస్కుకి పంపిన తర్వాతే ఇక్కడ తీసేయండి.

మా వృత్తివాళ్లకి ఫ్లెక్సీలు. ఒక లెక్క చెబుతాను. పది అడుగులు బై ఆరు అడుగుల ఫ్లెక్సీ, 72 రిజల్యూషన్‌లో. 120 అంగుళాలు బై 72 అంగుళాలు. అంటే 8640 బై 5184 పిక్సెళ్లు, నాలుగున్నర కోట్లకి దగ్గర. సీఎంవైకేలో పిక్సెల్‌కి నాలుగు బైట్లు వేసుకుంటే నిండుగా ఉన్న ఒక్క లేయరే 170 ఎంబీ పైమాట. ఫోటోషాప్ కొంత కుదించి దాస్తుంది గానీ, ఎనిమిది తలకాయలు, వెనక సూర్యకిరణాలు, పైన నెమలీకలు పెట్టాక పీఎస్‌డీ ఫైలు ఎంతకి తేలుతుందో ఊహించుకోండి. సంక్రాంతి ముందు వారంలో ఇలాంటివి రోజుకి పాతిక. నా పద్ధతి ఇది. పుట్టినరోజు, సంవత్సరీకం లాంటి ఒక్కసారి పనులకి ప్రింటుకి పంపిన ఫైలు ఉంచి, పీఎస్‌డీ బయటి డిస్కుకి. ఏటా వచ్చే నాయకుల పీఎస్‌డీలు మాత్రం మెషీన్లోనే. ఫోటో అదే ఉంటుంది, పార్టీ మారినప్పుడు రంగు మార్చుకుంటే సరిపోతుంది.

కోరెల్‌డ్రా వాడేవాళ్లు ‘బ్యాకప్ ఆఫ్’ అని మొదలయ్యే ఫైళ్లు వెతకండి. సేవ్ చేసినప్పుడల్లా కోరెల్ పక్కనే దాచే పాత కాపీలివి. అసలు ఫైలు సరిగ్గా తెరుచుకుంటుంటే ఇవి అనవసరం.

పేజ్‌మేకర్ దగ్గర మాత్రం ఆగండి. నేనే దెబ్బతిన్నాను. ఒకసారి చోటు కోసం, ఎప్పటివో పాత టిఫ్ బొమ్మలు కదా అని ఒక ఫోల్డర్ మొత్తం షిఫ్ట్ డిలీట్ కొట్టేశాను. వినాయకుడు, కలశం, పల్లకీ, అరటి గెలలు. పేజ్‌మేకర్ పెద్ద బొమ్మల్ని తన ఫైల్లో పెట్టుకోదు, అవి ఉన్న దారి మాత్రం గుర్తుపెట్టుకుంటుంది. శ్రావణ మాసం లగ్గాలకి పాత శుభలేఖల నమూనాలు తెరిస్తే తెర మీద మసగ్గా బొమ్మ కనబడుతోంది, ప్రింటు తీస్తే గళ్లు గళ్లుగా వస్తోంది. ఆ వారం నాకున్న టెన్షన్ పెళ్లికూతురి తండ్రికి కూడా ఉండి ఉండదు. చెరిపేసిన ఫైళ్లు వెనక్కి తెచ్చే రెకువా అనే ప్రోగ్రాంతో కొన్ని వెనక్కి వచ్చాయి, మిగిలినవి మళ్లీ స్కాన్ చేసుకున్నాను. ఆ కొన్నయినా వచ్చాయంటే, తప్పు తెలిసిన క్షణం నుంచి ఆ డ్రైవ్‌లో ఇంకేమీ సేవ్ చేయకపోవడం వల్లే. మీకు అలా జరిగితే రెకువాని కూడా అదే డ్రైవ్‌లోకి దించకండి, పెన్‌డ్రైవ్‌లో తెచ్చి అక్కడి నుంచే నడపండి.

టాలీ ఉన్న మెషీన్ అయితే డేటా ఫోల్డర్లో వట్టి అంకెల పేర్లతో ఫోల్డర్లు కనబడతాయి. అవి చెత్త కాదు. ఒక్కో అంకె ఒక్కో కంపెనీ తాలూకు మొత్తం లెక్కలు. తెలిసిన ధాన్యం షాపులో గుమస్తా గారు ‘ఏవో నంబర్లండీ’ అని ఒకటి తీసేశారు. అది ఆ ఏడాది దాళ్వా, అంటే రెండో పంట లెక్క.

విండోస్ ఫోల్డర్లో ఉన్నవి కూడా చేత్తో తీయకండి. విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్ అనే ఫోల్డర్ పది జీబీలు చూపించి ఊరిస్తుంది. అందులో చాలా ఫైళ్లు వేరేచోట ఉన్నవే ఇక్కడ రెండోసారి లెక్కకొస్తున్నాయి. దానికి చేయాల్సిందేదో ఇందాకటి అప్‌డేట్ క్లీనప్ చేసేసింది. పేజ్‌ఫైల్ (ర్యామ్ చాలనప్పుడు విండోస్ డిస్కు మీద వాడుకునే చోటు) కూడా అంతే. ర్యామ్ తక్కువున్న పాత మెషీన్‌కి అదే ఆసరా. రిజిస్ట్రీ, అంటే విండోస్ సెట్టింగుల చిట్టా, శుభ్రం చేస్తామని వచ్చే ప్రోగ్రాముల వల్ల చోటేమీ మిగలదు, ఉన్న ఇబ్బంది పెరుగుతుంది.

సి నిండింది, డి ఖాళీ

మన వైపు షాపుల్లో అసెంబుల్ చేసిన మెషీన్లలో ఇది మామూలే. సి కి 50 జీబీయో 100 జీబీయో ఇచ్చి, మిగతాదంతా డి, ఈ అని పంచేస్తారు. డి ఎండిపోయి ఉంటుంది, సి పొర్లిపోతుంటుంది.

దీనికి తేలికైన దారి ఫోల్డర్ చిరునామా మార్చడం. డి డ్రైవ్‌లో ముందుగా ‘డౌన్‌లోడ్స్’ అని ఒక కొత్త ఫోల్డర్ చేయండి. తర్వాత అసలు డౌన్‌లోడ్స్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, ‘లొకేషన్’, అందులో ‘మూవ్’. కొత్త ఫోల్డర్ చూపించి ఓకే కొట్టండి. ఉన్న ఫైళ్లన్నీ అక్కడికి చేరతాయి, ఇకపై దించేవి కూడా అక్కడికే పోతాయి. డాక్యుమెంట్స్, వీడియోస్‌కి కూడా ఇలాగే, వేటి ఫోల్డర్ వాటికే. ఫోల్డర్ చేయకుండా నేరుగా డి డ్రైవ్‌నే చూపిస్తే డ్రైవే డౌన్‌లోడ్స్ అయిపోయి కూర్చుంటుంది, వెనక్కి తీయడం తలనొప్పి.

ప్రోగ్రాములున్న ఫోల్డర్ని మాత్రం ఇలా కట్ చేసి డి లో పెట్టకండి, తెరుచుకోవు. అన్‌ఇన్‌స్టాల్ చేసి మళ్లీ వేసుకోవాల్సిందే.

‘డి లోంచి కొంత కోసి సి కి కలపలేమా?’ అని అడుగుతారు. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో డి ని కుదిస్తే ఖాళీ డి కి కుడి పక్కన వస్తుంది. సి పెరగాలంటే ఖాళీ సి కి ఆనుకుని కుడి పక్కన ఉండాలి. మధ్యలో డి అడ్డం. పక్కవాడి చేను దాటి అవతల ఎకరం కొన్నట్టు. డి మొత్తం తీసేస్తేనే కుదురుతుంది, తీసేస్తే అందులో ఉన్నవన్నీ పోతాయి. బయటి ప్రోగ్రాములు జరిపి పెడతాయి గానీ, పని మధ్యలో కరెంటు పోతే రెండు డ్రైవ్‌లూ గల్లంతు కావచ్చు. బ్యాకప్, యూపీఎస్ రెండూ లేకుండా దాని జోలికి పోవద్దు.

ఇంత చేసినా చాలకపోతే

సన్నటి సాటా కేబుల్ ఉన్న మెషీన్ అయితే, చిప్పుల మీద రాసే 256 జీబీ ఎస్‌ఎస్‌డీ ఒకటి వేసి, విండోస్‌ని దాని మీదికి మార్చి, పాత డిస్కుని డేటాకి ఉంచుకోండి. చోటుతో పాటు వేగం కూడా వస్తుంది. పదేళ్ల మెషీన్ మీద పెట్టే డబ్బుల్లో నాకు తెలిసి ఇంతకన్నా ఫలితమిచ్చేది లేదు. వెడల్పాటి రిబ్బన్ కేబుల్‌తో ఐడీఈ డిస్కు ఉంటే మాత్రం ఖర్చు పెట్టకండి.

ఒక సంగతి చూసుకోండి. విండోస్ 7కి 2020 జనవరి 14తో, విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు, అంటే భద్రతా అప్‌డేట్లు ఇవ్వడం, ఆపేసింది. టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు లేని మెషీన్‌ని విండోస్ 11 అధికారికంగా ఒప్పుకోదు. పేజ్‌మేకర్‌కీ పాత టాలీకీ ఆ మెషీన్ ఇంకా బంగారమే, బ్యాంకు పనులు మాత్రం దాని మీద చేయకండి.

ఎక్స్‌టర్నల్ డిస్కు మీద తెల్ల ప్లాస్టరు అంటించి, ఏ తేదీ దాకా కాపీ ఉందో పెన్నుతో రాయండి. సముద్రం దగ్గరి ఊళ్లలో ఉప్పు గాలి తగలకుండా మూత గట్టిగా పట్టే డబ్బాలో, చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు రెండు వేసి ఉంచండి. లంక గ్రామాల వాళ్లయితే ఆ డబ్బా మీ ఇంట్లో కాకుండా గట్టు ఇవతల చుట్టాల ఇంట్లో పెట్టండి. 2022 జులై వరదకి ఇల్లు వదిలి పడవెక్కినప్పుడు సీపీయూ ఎవరూ మోసుకుని రాలేదు.